ఊడిపోయిన ఒకటి

"చెల్లీ, నా తాళం ఎందుకో పట్టట్లేదు. తుప్పు పట్టిందేమో, కాస్త నూనె ఉంటే ఇస్తావా?" అంటూ చెల్లెలి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు అన్న.

చెల్లెలు ఒక గోదాముకు మేనేజరు. ఇళ్ళు మారేవాళ్ళు, ఉన్న ఇల్లు చాలనివాళ్ళు, పారేయడానికి మనసొప్పనివాళ్ళు సామాను దాచుకోవడానికి అద్దెకు తీసుకునే గదులవి. వరసలు వరసలుగా ఇనప షట్టర్లు, ప్రతి షట్టరు మీదా స్టిక్కరు అంకెలతో ఒక నంబరు. ఎవరి గదికి వాళ్ళ సొంత తాళం. 

అన్న సిటీ బస్సు డ్రైవరు. సెలవు దొరికినప్పుడల్లా పొద్దున్నే వచ్చి, తన గది షట్టరు సగం ఎత్తి, లోపల స్టూలు మీద కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. ఆ గదిలో ఉన్నదంతా చనిపోయిన భార్య సామానే. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టేది. కుట్టుమిషను, గుడ్డ పరిచి కత్తిరించే పొడవాటి బల్ల, బొత్తాల డబ్బాలు, సగం కుట్టి వదిలేసిన చొక్కాలు, కాగితం మీద గీసి కత్తిరించుకున్న కొలతల అచ్చులు. ఆవిడ పోయాక తండ్రీ కూతురూ చిన్న ఇంటికి మారారు. ఆ ఇంటి గుమ్మంలోంచి బల్ల లోపలికి పోలేదు. మెట్ల మీద బల్ల పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డ అన్నను చూసి, "మా గోదాములో పెట్టుకో అన్నయ్యా, నా కళ్ళ ముందే ఉంటాయి" అన్నది చెల్లెలే.

నూనె సీసా, తాళంచెవుల గుత్తి తీసుకుని ఆమె అన్న వెంట వెనక వరసకు నడిచింది. షట్టరుకు వేలాడుతున్న తాళం కొత్తది. తళతళలాడుతోంది. ఖాళీ చేసిన గదులకు గోదాము వాళ్ళు వేసే రకం.

"ఇది నీ తాళం కాదన్నయ్యా."

"మరి నాదేమైంది?"

ఆమె గుత్తిలో ఆ తాళపుచెవి ఉంది. తీసి షట్టరు పైకి ఎత్తింది. లోపల ఏమీ లేదు. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. మూలల్లో కూడా దుమ్ము లేదు.

"మనది కాదేమో ఇది," అని అన్న బయటికొచ్చి షట్టరు కిందికి లాగి చూశాడు. అటుపక్క 111. ఇటుపక్క 113. మధ్యలో ఉన్న దీని మీద 12 అని మాత్రమే ఉంది. ఆ ఒకటీ రెండుకి ఎడమ పక్కన, ఇంకో అంకె పట్టే జాగాలో, ఎండకు వెలిసిపోని ముదురు రంగులో ఒక నిలువు గీత మిగిలి ఉంది. అక్కడ ఉండాల్సిన ఒకటి ఊడిపోయింది.

జరిగింది ఆమెకు అప్పుడే అర్థమైపోయింది. ముందు వరసలో అసలు పన్నెండో నంబరు గది అద్దెకు తీసుకున్నాయన ఉద్యోగం మారి దూరం వెళ్ళిపోయాడు. సామాను తనకిక వద్దని, పారేయమని రాసిచ్చాడు. ఆమె గదులు ఖాళీ చేసే ముఠాకు ఫోన్ చేసి పన్నెండు ఖాళీ చేయమని చెప్పింది. వాళ్ళు వచ్చిన రోజున ఆమెకు పన్ను సలుపు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ముందు గేటుకు అడ్డంగా ఎవరిదో లారీ ఆగి ఉండటంతో ముఠావాళ్ళు వెనక గేటు నుంచి వచ్చారని తర్వాత తెలిసింది. ఎదురుగా 12 కనబడింది. తాళం కోశారు, బండికెత్తారు, ఊడ్చారు, కొత్త తాళం వేశారు. "పనైపోయింది మేడం" అని ఫోన్ చేసినప్పుడు ఇంజెక్షనుకు ఆమె చెంప ఇంకా మొద్దుబారే ఉంది. "సరే" అన్న మాట కూడా వంకరగా వచ్చింది. 

అన్న మళ్ళీ లోపలికి వెళ్ళి గది మధ్యలో నిలబడ్డాడు. "మిషను ఇక్కడ ఉండేది," అన్నాడు, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకు చూపిస్తున్నట్టు. "బల్ల ఈ గోడకి. డబ్బాలు దాని కింద."

"అన్నయ్యా..."

"నూనె అక్కర్లేదులే ఇక," అన్నాడు ఆమె చేతిలోని సీసా చూసి.

ముఠా మేస్త్రీకి ఫోన్ చేస్తే అతను కంగారుపడ్డాడు. "మీరు పన్నెండు అన్నారు కదా మేడం, పన్నెండే చేశాం. తలుపు మీద చూసుకునే చేశాం." అందులో అబద్ధమేమీ లేదు. సామాను ఏ పాత ఇనప యార్డులో దించాడో కనుక్కుని, అన్నాచెల్లెళ్ళు వ్యానులో బయల్దేరారు. దారి పొడుగునా ఆమె ఏదో ఒకటి మాట్లాడాలని చూసింది. అన్న సిగ్నళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. డ్రైవరు కాబట్టి పక్క సీట్లో కూర్చున్నా అతని కాలు బ్రేకు కోసం కదులుతూనే ఉంది.

యార్డులో ఇనుము ఒక పక్క, చెక్క ఒక పక్క, గుడ్డలు మూటలు కట్టి ఒక పక్క. చెక్క ఎప్పుడో కోసి పంపేశారు. గుడ్డలూ వెళ్ళిపోయాయి. యార్డు యజమాని మంచివాడు. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. "కుట్టుమిషన్లయితే అదిగో ఆ రేకుల వెనక కొన్ని ఉండాలి. చూసుకోండి బాబూ, మీదైతే పట్టుకుపోండి."

మిషన్లు ఉన్నాయి. అన్న ఒక్కోదాని ముందూ గొంతుక్కూర్చుని, చక్రం చేత్తో తిప్పి, సూది పైకీ కిందికీ ఆడటం చూశాడు. ఒకటి బిగుసుకుపోయింది. ఇంకోటి కీచుమంది. చివరిది నున్నగా, చప్పుడు లేకుండా తిరిగింది. అతను దాన్ని కాసేపు అలా తిప్పుతూనే ఉన్నాడు. చెల్లెలు దగ్గరికి వచ్చి వంగింది.

"అదేనా?"

"కాదు. దీనికి పువ్వులున్నాయి. మీ వదిన మిషను నల్లగా ఉండేది."

"పర్లేదు, ఇదైనా తీసుకెళ్ళండి. బాగానే పనిచేస్తుంది," అన్నాడు యార్డు యజమాని.

"వద్దండీ. ఇది వేరేవాళ్ళది," అని అన్న లేచి, ప్యాంటుకంటిన తుప్పు దులుపుకున్నాడు.

సాయంత్రం అన్న ఇంట్లో మేనకోడలికి చెప్పాల్సి వచ్చింది. ఆ పిల్ల అప్పుడే కాలేజీ నుంచి వచ్చి సంచి భుజాన ఉండగానే విన్నది. చెల్లెలు మాటలు కూడదీసుకుని మొదటి నుంచీ చెప్పింది. ముఠా, వెనక గేటు, స్టిక్కరు, యార్డు. 

"మరి నువ్వెక్కడున్నావత్తా?"

"పళ్ళ డాక్టరు దగ్గర."

పిల్ల నవ్వింది. ఆ నవ్వు వినలేక చెల్లెలు తల దించుకుంది. "పళ్ళ డాక్టరు దగ్గర," అని పిల్ల మళ్ళీ అంది. "అమ్మ సామాను చెత్తబండి ఎక్కుతుంటే అత్త నోరు తెరుచుకుని కూర్చుంది. నాన్నా, విన్నావా?"

"విన్నానమ్మా. నీ మొహం కడుక్కో, తిందాం."

"నీకేం అనిపించట్లేదా నాన్నా?"

అన్న ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, బస్సు ఏ స్టాపులో ఆగుతుందని ఎవరో అడిగినట్టు. "తెలియట్లేదమ్మా," అన్నాడు చివరికి.

పిల్ల తను వేసుకున్న కుర్తా అంచు పట్టుకుని చూపించింది. "ఇది అమ్మ కుట్టింది. ఇకమీద ఇది ఉతకను. ఒంటి మీదున్నదే మిగిలింది." ఆ తర్వాత చాలా రోజులు అత్తతో మాట్లాడలేదు.

చెల్లెలు ఇంటికెళ్ళి వంట చేసింది, తిన్నది, నిద్ర కూడా పోయింది. ఏడుపు వస్తుందేమోనని కాచుకుంది. రాలేదు. అన్న తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. "కళ్ళ ముందే ఉంటాయన్నావు కదే" అని ఒక్క మాట అని ఉంటే కాళ్ళ మీద పడి ఏడ్చేది. అతను అనలేదు. మరుసటి సెలవుకీ వచ్చాడు. తిన్నగా ఆఫీసులోకి వచ్చి ఆమె ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ఖాళీ గది వైపు వెళ్ళలేదు. టీ ఇస్తే తాగాడు, వెళ్ళిపోయాడు.

ఆమె గోదాములో అన్ని వరసలూ కాలినడకన తిరిగి ఒక్కో నంబరూ చూడటం మొదలుపెట్టింది. రోజూ చూస్తున్నవే, ఒక్కొక్కటిగా ఎన్నడూ చూడనివి. ఎండ పడే వైపు స్టిక్కర్లు అప్పడాల్లా అంచులు లేచి ఉన్నాయి. నీడ వైపు జిగురు చెమ్మకు నాని అంకెలు కిందికి జారాయి. ఒక ఎనిమిది ఎడమ పక్కంతా రాలిపోయి మూడైంది. ఒక ఆరును ఎవరో తలకిందులుగా అంటించారనుకుంది. తీరా లెక్క చూస్తే అది సరిగ్గా అంటించిన తొమ్మిదే, తప్పంతా పక్క గది నంబరుది. వెనకటి మేనేజరు రంగుతో రాయించినవి షట్టరు చుట్టుకున్న ప్రతిసారీ రాపిడికి గీతలు గీతలుగా చెరిగిపోయాయి. లారీ గుద్ది వంకరపోయిన షట్టరు స్థానంలో వేరే గది షట్టరు తెచ్చి బిగించారు. పాత గది నంబరు దానితోపాటే వచ్చి కూర్చుంది.

గోదాము యజమానిని పనివాళ్ళు చాటుగా 'ఆగుదాం సార్' అంటారు. ఏది అడిగినా ఆయన మొదటి మాట అదే. ఎండాకాలం నంబర్లు ఊడుతున్నాయని ఆమె చెప్పినప్పుడు వానలు వెళ్ళేదాకా ఆగుదాం అన్నాడు. వానల్లో అడిగితే ఎండ రానిమ్మన్నాడు. ఈసారి ఆయన గదిలోకి వెళ్ళి ఆమె కూర్చోకుండానే చెప్పింది.

"నంబర్లన్నీ మార్చాలి సార్. స్టిక్కర్లు కాదు. ఊడనివి కావాలి."

"అవును, మార్చాల్సిందే. కానీ కొంచెం ఆగు..." అని ఆయన నోట్లోనే ఆపుకున్నాడు. ఆమె మొహంలో కోపం లేదు, ఏమీ లేదు. దాన్ని చూసే ఆయన ఆగిపోయాడేమో. "ఏది మంచిదో నువ్వే చూడు," అన్నాడు. ఇంకాసేపటికి, "మీ అన్నగారిని నేనొచ్చి కలవనా?" అని అడిగాడు.

"కలవండి సార్."

ఆయన వచ్చి కలిశాడు కూడా. చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. అన్న "పర్లేదండీ" అన్నాడు. పెద్దాయనకు మర్యాదగా కుర్చీ కూడా జరిపాడు.

ఆ వారంలోనే అన్నకు డిపోలో సెలవిచ్చారు. ఒక స్టాపులో ఆపకుండా పోనిచ్చాడు, ఇంకో స్టాపులో ఎవరూ లేకపోయినా ఆపి తలుపు తెరిచి చాలాసేపు కూర్చున్నాడు. "మనసు కుదుటపడ్డాకే బండెక్కు" అన్నాడట సూపర్‌వైజరు. ఇంట్లో ఊరికే కూర్చుంటే మరీ కష్టమని చెల్లెలు అతన్ని నంబర్ల పనికి వెంట తీసుకెళ్ళింది.

రేకుల మీద అక్షరాలు చెక్కే షాపు ఒకావిడ నడుపుతుంది. అందరూ 'ప్లేట్ల అక్క' అంటారు. డాక్టర్ల బోర్డులు, ఇళ్ళ పేర్లు, లిఫ్టు గోడల మీది హెచ్చరికలు, అన్నీ ఆవిడ చేతివే. మాటకారి. లోపలికి రాగానే, "కూర్చోండి. ఇల్లా, ఆఫీసా, సమాధా?" అని అడిగింది. 

"గోదాము," అంది చెల్లెలు.

అక్క రకరకాల ముక్కలు బల్ల మీద పరిచింది. ప్లాస్టిక్ పలకలు చవక, కానీ ఎండకు పసుపెక్కి పెళుసైపోతాయి. అల్యూమినియం మీద అచ్చుకొట్టినవి చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. చెల్లెలు తాళంచెవితో గీకితే అంకె మీద తెల్లగా చార పడింది. ఇంకో రేకు మీద అంకెల్ని లోతుగా చెక్కి, ఆ గాడిలో నల్లరంగు నింపారు. దాన్నీ గీకింది. పైన గీత పడింది కానీ అంకె చెక్కుచెదరలేదు.

"రంగు పోయినా గాడి ఉంటుందమ్మాయ్. చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది," అంది అక్క. "అయితే అంకెలు ఎలా కావాలి? విడివిడిగా చేసి పక్కపక్కన బిగిస్తే అందంగా ఉంటాయి. ఇప్పుడందరూ అవే అడుగుతున్నారు."

"వద్దు," అన్నాడు అన్న. షాపులోకి వచ్చాక అతను మాట్లాడటం అదే మొదలు. "మొత్తం నంబరు ఒకే రేకు మీద ఉండాలి. పోతే మొత్తం పోవాలి. సగం పోకూడదు."

అక్క అతని వైపు చూసింది, తర్వాత చెల్లెలి వైపు. ఏదో జరిగిందని ఆవిడకు తెలిసినట్టుంది. పరాచికాలు మానేసింది.

"అన్నీ మూడంకెలే ఉండాలి," అంది చెల్లెలు. "పన్నెండయితే ముందు సున్నా పెట్టి."

"ముందు సున్నా అంటే జనం నవ్వరూ?"

"నవ్వనీ అక్కా. రెండంకెలే కనబడితే ఏదో తేడా ఉందని తెలియాలి."

అంకెల రూపం దగ్గర అన్న ఇంకాసేపు మాట్లాడాడు. వయ్యారంగా తోక తిప్పిన అంకెలు వద్దన్నాడు. "మా బస్సు మీద ఒకసారి అలాంటివే పెట్టారు. ఒకటి ఏడులా, ఏడు ఒకటిలా. ముసలాళ్ళు తప్పు బస్సెక్కి, టికెట్టు తీసుకున్నాక నా మీద పడి తిట్టేవాళ్ళు. స్టాపులో నిల్చున్నవాడికి ఎలా రాసినా కనబడుతుంది. దూరం నుంచి పరిగెత్తుకొచ్చేవాడికి కనబడాలి." అక్క నమూనా రేకొకటి పట్టుకుని షాపు బయట రోడ్డు అవతల నిలబడింది. అన్న ఇటు నుంచి చదివాడు. ఆరు కింద గీత గీయించాడు, తొమ్మిది కింద కూడా. చదువుతున్నప్పుడు అతని గొంతు ఎప్పట్లాగే ఉంది. చెల్లెలికి అదే భయంగా ఉంది.

ఎక్కడ బిగించాలన్నది ఇద్దరూ గోదాములో నిలబడి తేల్చుకున్నారు. షట్టరు మీద వద్దు. పైకెత్తితే నంబరు చుట్టుకుపోయి కనబడదు, షట్టరు మారితే నంబరు మారిపోతుంది. తలుపు పక్కన గోడకు, కళ్ళకు ఎదురయ్యే ఎత్తులో. రెండు వైపులా అంటించే టేపు వద్దు, మేకులూ వద్దు. గోడకు రంధ్రం చేసి స్క్రూలు బిగించి, ఎవరూ విప్పలేకుండా తలలు అరగదీయాలి. 

రేకులు వచ్చాక బిగించే పనికి ఒక మనిషిని పెట్టుకుందామంటే అన్న తనే చేస్తానన్నాడు. రోజూ పొద్దున వచ్చి, డ్రిల్లు, నిచ్చెన, రేకుల పెట్టె తోసుకుంటూ ముందు వరస నుంచి మొదలుపెట్టాడు. అడ్డంగా సరిగా ఉందో లేదో ప్రతి రేకుకూ మట్టం పెట్టి చూసేవాడు. గదుల వాళ్ళు కొందరు ఆగి చూసేవాళ్ళు. తన నంబరు ముందు సున్నా చూసి ఒకాయన, "నా గది విలువ తగ్గించేశారా ఏంటి?" అని నవ్వించబోయాడు. అన్న మర్యాదకు నవ్వాడు.

నూట పన్నెండు దగ్గరికి వచ్చే రోజున చెల్లెలు ఆఫీసులో ఉండలేకపోయింది. వెనక వరసకు వెళ్ళి, స్క్రూల డబ్బా పట్టుకుని నిలబడింది. అన్న 111 బిగించాడు. నిచ్చెన జరిపాడు. 112 రేకు పెట్టెలోంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి, గోడకు పెట్టి పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. డ్రిల్లు రయ్యిమంది. గోడ పొడి అతని మోచేతుల మీద రాలింది. ఆమె అతని మొహమే చూస్తోంది. డ్రిల్లు మధ్యలో ఆగిపోయింది.

"బిట్టు మొద్దుబారింది. ఇంకోటి ఇవ్వు," అన్నాడు.

ఇచ్చింది. అతను రంధ్రం పూర్తి చేసి, స్క్రూలు బిగించి, తలలు అరగదీసి, మట్టం పెట్టి చూసి, 113కి నిచ్చెన జరిపాడు. 

"అన్నయ్యా, నన్నో మాటైనా అనవేం?" ఆమె నోట్లోంచి వచ్చేసింది.

అతను నిచ్చెన మీద నుంచి కిందికి చూశాడు. "ఏమనమంటావు?"

"ఏదైనా."

"అనాలని చూశాను," అన్నాడు అన్న. "నువ్వు కావాలని చేసుంటే అనేవాణ్ణి. ఆ మేస్త్రీని అందామంటే వాడు రాసున్నదే చదివాడు. నాకు అసలు లోపల ఏదీ కదలట్లేదే. మీ వదిన పోయినప్పుడు అంతా అయిపోయిందనుకుంటా. ఆ గదిలో కూర్చుంటే ఏమైనా అనిపిస్తుందేమోనని వచ్చేవాణ్ణి. సామాను ఉన్నప్పుడూ ఏమీ అనిపించలేదు."

చెల్లెలు స్క్రూల డబ్బా నేల మీద పెట్టింది. అతను సామాను చూసుకుని ఏడవడానికి వస్తున్నాడని ఇన్నాళ్ళూ ఆమె అనుకుంది. 

"ఈ మాట పిల్లకి చెప్పకు," అన్నాడు. "స్క్రూ ఇవ్వు."

పని పూర్తయ్యేటప్పటికి డిపో నుంచి పిలుపు వచ్చింది. డిపో డాక్టరు చూసి సరేనన్నాడు. అన్న మళ్ళీ బస్సెక్కాడు, ఈసారి స్టాపులన్నిట్లో ఆపాడు. మేనకోడలు ఒకరోజు కాలేజీ నుంచి తిన్నగా గోదాముకు వచ్చింది. అత్తను పలకరించలేదు. వెనక వరసకు వెళ్ళి, ఖాళీ గది షట్టరు ఎత్తించుకుని లోపల అటూ ఇటూ నడిచింది. బయటికొచ్చాక గోడ మీద రేకు చూసి, అంకెల గాడిలో వేలు పెట్టి గీసింది.

"నాన్న బిగించాడా?"

"అన్నీ నాన్నే."

"వంకర లేదు," అంది పిల్ల. ఆ తర్వాత, "అత్తా, ఆకలేస్తోంది" అంది. ఇద్దరూ ఆఫీసులో చెల్లెలి డబ్బాలోని అన్నం పంచుకుని తిన్నారు. తింటూ ఎక్కువ మాట్లాడుకోలేదు, కానీ పిల్ల వెళ్ళేటప్పుడు డబ్బా కడిగి పెట్టి వెళ్ళింది.

గదిని ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని అన్నే చెప్పాడు. ఇల్లు బాగు చేయించుకుంటున్న భార్యాభర్తలు దాన్ని తీసుకున్నారు. వాళ్ళు సామాను దించుతున్నప్పుడు అన్నకు సెలవు. ఆ భర్త ఒక్కడే బీరువాతో కుస్తీపడుతుంటే చూసి, వెళ్ళి రెండో వైపు పట్టాడు. లోపల గోడకు ఆనించేదాకా మోశాడు. భార్య పరుపులు సర్దుతూ, "ఇక్కడ సామాను భద్రంగా ఉంటుందా అన్నా?" అని అడిగింది, పనివాడనుకుని.

అన్న చేతులు దులుపుకున్నాడు. చెల్లెలు గుమ్మం దగ్గర కాగితాలు పట్టుకుని వింటోంది.

"చూసుకుంటుంటారమ్మా," అన్నాడు. "మీరూ అప్పుడప్పుడు వచ్చి చూసుకోండి."

తర్వాత ఆఫీసులోకి వచ్చి నీళ్ళు తాగాడు. బీరువా బరువుకు నడుం పట్టేసిందన్నాడు. చెల్లెలు సొరుగులోంచి మందు గొట్టం తీసి ఇచ్చింది. అతను రాసుకుంటూ, రేపటి డ్యూటీ కొత్త రూట్లో వేశారని, ఆ రోడ్డు మహా గుంతలని చెప్పాడు. ఆమె "జాగ్రత్త అన్నయ్యా" అంది. అతను అంతకు మించి ఎదురుచూసినట్టు లేదు.